నమ్మకాలు, వయసు: మా నెల్లూరులో నాకు రోజూ వినిపించే అపోహలు

అపోహ: యాభై దాటినాక మనిషి మారడు.

వాస్తవం: మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. దానికి జవాబు మన జిల్లాలోనే ఉంది. 1992లో దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్లలో పెద్దవయసులో రాత్రి బడికెళ్లి అక్షరాలు దిద్దినవాళ్లున్నారు. వాళ్లను కదిలించింది పాఠం ఒక్కటే కాదు. పదిమంది ఒకచోట కూర్చుని ఒకరి గోడు ఒకరు వినడం కూడా అని నా అభిప్రాయం. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

అపోహ: గట్టిగా చెప్తే మారతారు.

వాస్తవం: నా దగ్గరికి కౌన్సెలింగ్‌కి వచ్చే కొడుకులది ఇదే మాట: "మా నాయనకి మీరన్నా చెప్పండి సార్, బీపీ మాత్రలు వేసుకోడు." కొడుకు ఫోన్‌లో చదివి వినిపిస్తుంటే ఆయన ఫ్యాను వైపు చూస్తుంటాడు. మాత్రల అట్ట చొక్కా జేబులోనే ఉంటుంది, ఒక్కటీ చింపకుండా. వాదన ఆపి, "వేసుకుంటే ఏమవుతుందని పెద్దాయనా?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది: "మా అన్న ఈ మాత్రలు మొదలుపెట్టిన ఏడాదికే పోయినాడు." ఇక మాట్లాడాల్సింది ఆ అన్న గురించి. బీపీ లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. అట్లని నిజాలు చెప్తే మొండితనం పెరుగుతుందనుకోవద్దు. అది అరుదేనని పరిశోధనల్లో తేలింది.

అపోహ: "నేను మొదట్నించీ ఇంతే."

వాస్తవం: 1973లో గోథల్స్, రెక్‌మన్ అనే అమెరికా పరిశోధకులు విద్యార్థుల అభిప్రాయం రాయించుకుని, చర్చ పెట్టి దాన్ని మార్చారు. మొదట ఏమన్నారో గుర్తు చేసుకోమంటే, చాలామంది కొత్త అభిప్రాయాన్నే పాతదిగా చెప్పారు. మనవరాలి చెన్నై ఉద్యోగానికి అడ్డుపడిన అవ్వ, ఇప్పుడు "నేనెప్పుడు వద్దన్నా?" అంటే కోడలికి ఒళ్లు మండుతుంది. అవ్వ అబద్ధమాడటం లేదమ్మా. పాత మాట నిలదీసి ఒప్పించబోతే మళ్లీ బిగుసుకుంటుంది, వదిలేయండి.

అపోహ: దేవుడి మీద నమ్మకం పోయినాక పండగలు చేసుకోవడం నటన.

వాస్తవం: మన రొట్టెల పండగే చూడండి, మొహర్రంకి స్వర్ణాల చెరువులో దిగి రొట్టె మార్చుకునేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. కొందరు మొక్కు కోసం వస్తారు, కొందరు అమ్మ కోసం. అయినవాళ్ల కోసం రావడం నటన కాదు.

అపోహ: ముసలితనంలో అనుమానాలు మామూలే.

వాస్తవం: ఉన్నట్టుండి "కోడలు అన్నంలో ఏదో కలుపుతోంది", "నా డబ్బు దొంగిలిస్తున్నారు" అనడం మొదలుపెడితే దాన్ని చాదస్తం కింద జమకట్టేయొద్దు. మతిమరుపు జబ్బు కావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌ కావచ్చు, కొత్తగా వాడుతున్న మందు వల్ల కూడా కావచ్చు. ఒకట్రెండు రోజుల్లోనే మనిషి అట్లా మారిపోతే నా దగ్గరికి కాదు, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి.