కణసంకేతాలపై రసాయన నియంత్రణ: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులోని కణజీవశాస్త్ర ప్రయోగశాలలకు రాయలసీమ నుంచి చదువుకోవడానికి వచ్చే మన తెలుగు విద్యార్థుల నోట మందులతో కణంలోని ప్రోటీన్లను కదిపి వాటి పనిని తెలుసుకునే పద్ధతిపై తరచుగా వినిపించే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: జన్యువును తొలగిస్తే ఆ ప్రోటీన్ చేసే పని తెలిసిపోతుంది.

వాస్తవం: తొలగింపుకు రోజులు పడుతుంది. ఈలోగా అదే కుటుంబానికి చెందిన మరో ప్రోటీన్ ఆ పనిని అందుకోవచ్చు కనుక, చివరకు కనిపించేది ప్రోటీన్ లేకపోవడం వల్ల కలిగిన ఫలితమో, కణం చేసుకున్న సర్దుబాటో తేల్చడం కష్టం. సంకేతాలు సెకన్లలో, నిమిషాల్లో నడుస్తాయి. వాటిని కదిపే సాధనమూ అంతే వేగంగా పనిచేయాలి. 1993లో అమెరికా శాస్త్రవేత్తలైన ష్రైబర్, క్రాబ్‌ట్రీల బృందాలు ఎఫ్‌కే1012 అనే అణువుతో కణంలోనే ప్రోటీన్లను జతపరచి ఈ దారి చూపాయి. నేడు విరివిగా వాడే రాపామైసిన్ అనే మందు ఒకవైపు ఎఫ్‌కేబీపీ అనే చిన్న ప్రోటీన్‌ను, మరోవైపు కణ పెరుగుదలను నడిపే ఎమ్‌టార్ అనే ప్రోటీన్‌లోని ఎఫ్‌ఆర్‌బీ భాగాన్ని పట్టుకుంటుంది. ఎఫ్‌ఆర్‌బీని కణపొరకు కట్టి, ఎఫ్‌కేబీపీకి ఒక ఎంజైమును, ఒక మెరిసే ప్రోటీన్‌ను తగిలించి 100 నానోమోలార్ రాపామైసిన్ వేస్తే, కణమంతా పరచుకున్న పచ్చని వెలుగు ఒకటి రెండు నిమిషాల్లోనే లోపల పలచబడి అంచున సన్నని గీతగా చేరడం కాన్‌ఫోకల్ సూక్ష్మదర్శిని తెరపై కనిపిస్తుంది. ఆ ఎంజైము కణపొరలో ఉండే పీఐపీ2 అనే లిపిడ్ (కొవ్వు పదార్థం) నుంచి ఫాస్ఫేట్‌ను తొలగించేదైతే కేసీఎన్‌క్యూ చానళ్ల (కణపొరలో పొటాషియం అయాన్లను పంపే ద్వారాల) ప్రవాహం పడిపోతుందని 2006లో చూపారు. ఆ చానళ్లకు పీఐపీ2 అవసరమన్న వాదనకు ఇంత సూటి సాక్ష్యం జన్యు తొలగింపుతో దొరికేది కాదు.

అపోహ: రాపామైసిన్ రెండు ప్రోటీన్లను అతికించే జిగురు మాత్రమే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే అపోహ ఇదే. కణంలో సహజంగా ఉండే ఎఫ్‌కేబీపీ12తో కలిసి అది ఎమ్‌టార్ కాంప్లెక్స్ 1ను (ఎమ్‌టార్ ఉండే ప్రోటీన్ల సముదాయాన్ని) అడ్డుకుంటుంది. ఆ కాంప్లెక్స్ చేతిలోనే ప్రోటీన్ల తయారీ, కణ పెరుగుదల ఉన్నాయి. అందువల్ల మార్పు చేయని కణాలకు అదే మోతాదు, పనిచేయని ఎంజైము తగిలించిన కణాలు, మందును కరిగించే ద్రావకమైన డీఎమ్‌ఎస్‌వో మాత్రమే వేసిన కణాలు అనే మూడు కంట్రోళ్లూ (పోల్చి చూసే నమూనాలు) లేని గ్రాఫ్‌ను ల్యాబ్ మీటింగ్‌లో ఎవరు చూపినా నేను ఒప్పుకోను.

అపోహ: మందును కడిగేస్తే కణం పూర్వస్థితికి వస్తుంది.

వాస్తవం: రాపామైసిన్ పట్టు చాలా గట్టిది, ప్రయోగం నడిచేంత సేపట్లో అది వీడదనే అనుకోవాలి. వెనక్కి తిప్పడం ముఖ్యమైనప్పుడు కాంతితో నడిచే సాధనాలను ఎంచుకోవడం మేలు.

అపోహ: ఇవన్నీ ప్రయోగశాలకే పరిమితం.

వాస్తవం: 2011లో ప్రచురితమైన ఒక చికిత్సలో, రోగులకు ఎక్కించిన టీ కణాల్లో (ఒక రకం రోగనిరోధక కణాల్లో) ముందుగానే ఎఫ్‌కేబీపీకి జతచేసిన కాస్పేజ్ 9 అనే, కణాన్ని చంపే ఎంజైమును అమర్చారు. ఆ టీ కణాలు రోగి శరీరంపైనే దాడికి దిగిన నలుగురికి ఆ ఎంజైములను జతపరిచి పనిచేయించే ఏపీ1903 అనే మందును ఒకే ఒక్క మోతాదు ఇవ్వగా, 30 నిమిషాల్లో వాటిలో 90 శాతానికి పైగా నశించాయి. అక్కడ వాడిన ఎఫ్‌కేబీపీలో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చారు. ఏపీ1903 ఆ మార్చిన రూపాన్నే గట్టిగా పట్టుకుంటుంది, సహజమైన ఎఫ్‌కేబీపీ జోలికి దాదాపుగా పోదు.