జెపర్డీ చివరి పందెం: 1,399 డాలర్ల వెనక లెక్క

2019 జూన్ 3న జేమ్స్ హోల్జ్‌హావర్ కాసిన పందెం చూసి అమెరికాలో టీవీల ముందున్నవాళ్లు నోరెళ్లబెట్టారు. లాస్ వెగస్‌లో ఆటల మీద పందేలు కాయడమే వృత్తిగా పెట్టుకున్న ఆయన, 'జెపర్డీ' క్విజ్‌లో అప్పటికి వరసగా 32 ఆటలు గెలిచాడు. ఒక్క ఆటలోనే 1,31,127 డాలర్లు గెలిచి రికార్డు సృష్టించాడు. చేతిలో ఉన్నదంతా ఒడ్డడానికి వెనకాడని మనిషని పేరు. అలాంటివాడు 33వ ఆటలో రెండో స్థానంలో ఉండి కూడా చివరి ప్రశ్నకు 1,399 డాలర్లే కాశాడు. జవాబు సరిగ్గానే రాశాడు, అయినా ఓడిపోయాడు. కావాలనే ఓడిపోయాడని అనుమానపడినవాళ్లు చాలామంది.

ఆ అనుమానం తప్పు. నన్నడిగితే ఆ ఆటలో ఆయన వేసిన అతి తెలివైన ఎత్తు ఆ 1,399. ఎందుకో తెలియాలంటే ఈ పందెం ఎలా పుట్టిందో, ఎలా మారిందో చూడాలి.

మన 'మీలో ఎవరు కోటీశ్వరుడు'లో హాట్ సీట్‌లో ఒక్కరే ఉండేవారు. జవాబు తెలియకపోతే ఆట ఆపేసి, గెలిచిన డబ్బు తీసుకుని ఇంటికెళ్లే వీలుండేది. జెపర్డీలో ఒకేసారి ముగ్గురు ఆడతారు. బజర్ నొక్కి జవాబు చెబితే స్కోరు పెరుగుతుంది, తప్పు చెబితే అంతే తగ్గుతుంది. అన్నీ అయ్యాక ముగ్గురికీ కలిపి ఒకే ఒక్క ప్రశ్న, దాన్నే ఫైనల్ జెపర్డీ అంటారు. ముందు విషయం పేరు మాత్రం చూపిస్తారు. 'షేక్‌స్పియర్ కాలం' అనో, 'వ్యాపారం, పరిశ్రమలు' అనో ఉంటుంది. యాడ్స్ విరామంలో ముగ్గురూ కాగితం మీద లెక్కలు వేసుకుని, తమ స్కోరులో ఎంత కాస్తారో రాసివ్వాలి. ఒకరి పందెం ఇంకొకరికి తెలియదు. ఆ తర్వాతే ప్రశ్న కనిపిస్తుంది, జవాబు రాయడానికి 30 సెకన్లు. అప్పుడు వినిపించే సంగీతం అమెరికాలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. షో సృష్టికర్త మెర్వ్ గ్రిఫిన్ తన కొడుకుని నిద్రపుచ్చడానికి కట్టిన జోలపాట బాణీ అది. ఇంత టెన్షన్ పుట్టించే చోట జోలపాట!

ఈ షో ఒక మోసం నీడలో పుట్టింది. 1950లలో అమెరికా టీవీ క్విజ్‌లు కొన్ని ముందే జవాబులిచ్చి ఆడించినవని బయటపడింది. 'ట్వెంటీ వన్' షోలో దేశానికే ఆరాధ్యుడైన చార్ల్స్ వాన్ డోరెన్ 1959లో అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ ముందు తప్పు ఒప్పుకున్నాడు. జనానికి క్విజ్‌ల మీద నమ్మకం పోయింది. అలాంటప్పుడు గ్రిఫిన్ భార్య జూలాన్ ఒక ఉపాయం చెప్పింది. జవాబులు మనమే ఇచ్చేద్దాం, ప్రశ్న వాళ్లు చెప్పాలి! '5,280' అని ఆమె అంటే, 'మైలుకి ఎన్ని అడుగులు?' అని ఆయన చెప్పాలి. అలా 1964 మార్చి 30న ఎన్‌బీసీ టీవీలో జెపర్డీ మొదలైంది. తేలిక కోసం ఇక్కడ మాత్రం మామూలుగానే ప్రశ్న, జవాబు అంటున్నాను.

ఆ పాత షోలో ముగ్గురూ తాము గెలిచిన డబ్బు తామే ఉంచుకునేవారు. ఓడినా జేబు ఖాళీ కాదు కాబట్టి, చివరి పందెంలో ఎవరి ధైర్యం వాళ్లది. 1984లో అలెక్స్ ట్రెబెక్ హోస్ట్‌గా షో మళ్లీ వచ్చినప్పుడు ఆ నియమం తీసేశారు. ఇక ఆటలో కూడబెట్టిన డబ్బు గెలిచినవాళ్లకే, మిగతా ఇద్దరికీ అప్పట్లో బహుమతులతో సరి. కావలసినంత డబ్బు రాగానే కొందరు బజర్ నొక్కడం మానేస్తున్నారన్నది దీనికి నిర్వాహకులు చెప్పిన కారణం. ఈ ఒక్క మార్పుతో ఫైనల్ జెపర్డీ స్వభావమే మారిపోయింది. ఎంత డబ్బు మిగులుతుందన్న లెక్క వెనక్కి పోయి, పక్కవాళ్ల కన్నా ఒక్క డాలర్ పైన ఉంటామా లేదా అన్నదే ముందుకొచ్చింది.

మొదటి స్థానంలో ఉన్నవాళ్ల లెక్క తేలిక. రెండో వ్యక్తి స్కోరు రెట్టింపు చేసి, దానికి ఒక డాలర్ కలిపి, అంతదాకా చేరేలా పందెం కాయాలి. జవాబు సరైతే ఇక ఎవరూ అందుకోలేరు. స్కోరు రెండో వ్యక్తికి రెట్టింపు కన్నా ఎక్కువే ఉంటే, ఏమీ కాయకపోయినా గెలుపే. 2004లో వరసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్, 65 ఆటల్లో చివరి ప్రశ్న రాకముందే గెలిచేశాడు.

ఆయన ఓడిన 75వ ఆట 2004 నవంబర్ 30న ప్రసారమైంది. ఆట మధ్యలో కొన్ని ప్రశ్నలకు స్కోరులోంచి పందెం కాయాలి, వాటిని డైలీ డబుల్ అంటారు. అలా తగిలిన రెండింటిలోనూ తప్పు చెప్పి 10,200 డాలర్లు పోగొట్టుకున్నాడు. చివరి ప్రశ్నకు ముందు ఆయనకు 14,400, ప్రత్యర్థి నాన్సీ జెర్గ్‌కు 10,000. జెన్నింగ్స్ సూత్రం ప్రకారమే 5,601 కాశాడు, సరిగ్గా 20,001 కోసం. జెర్గ్ 4,401 కాసింది, ఆయన అప్పటి స్కోరు మీద ఒక్క డాలర్ దాటడానికి. ప్రశ్న ఇది: ఏడాదికి నాలుగు నెలలే పనిచేసే 70 వేల మంది సీజనల్ ఆఫీసు ఉద్యోగులున్న సంస్థ ఏది? జెన్నింగ్స్ ఫెడెక్స్ అని రాశాడు. జవాబు హెచ్ అండ్ ఆర్ బ్లాక్, పన్ను రిటర్నులు దాఖలు చేసి పెట్టే సంస్థ. అమెరికాలో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు ఏప్రిల్ వచ్చిందంటే కళ్లముందు కనిపించే బోర్డు.

జెర్గ్ జవాబు సరైంది కాబట్టి గెలిచింది. కానీ ఆమె పందెం దగ్గర కాసేపు ఆగాలి. తప్పు చెబితే జెన్నింగ్స్ 8,799కి పడతాడని ముందే లెక్క కట్టొచ్చు. జెర్గ్ 1,200 లోపు కాసి ఉంటే, తనకు జవాబు తెలియకపోయినా 8,800 దగ్గర నిలిచి ఆయన కన్నా పైనే ఉండేది. 4,401 కాయడం వల్ల తాను కూడా సరైన జవాబు రాయక తప్పని స్థితి తెచ్చుకుంది. ఇది ఆమె ఒక్కరి పొరపాటు కాదు. ఆర్థికవేత్త ఆండ్రూ మెట్రిక్ ఈ షో పందేలనే సమాచారంగా తీసుకుని 1995లో ఒక అధ్యయనం ప్రచురించాడు. లెక్క చిక్కుపడే కొద్దీ ఆటగాళ్లు తమకు మేలైన పందెం వదిలేస్తారని, పరిస్థితి వాళ్లకు కనిపించే తీరును బట్టి పందెం మారుతుందని అందులో తేలింది.

సమంగా నిలిస్తే ఇద్దరూ గెలిచినట్టే అన్న నియమం 2014 దాకా ఉండేది. ఆ ఏడాదే ఆర్థర్ చూ అనే ఆటగాడు ఆ ఒక్క డాలర్ కలపకుండా, కావాలనే సమానానికి పందెం కాసి జనం చేత తిట్లు తిన్నాడు. తర్వాత టై వస్తే అదనపు ప్రశ్నతో తేల్చే పద్ధతి వచ్చింది, ఆ దారి మూసుకుపోయింది.

ఇప్పుడు మళ్లీ 1,399 దగ్గరికి. చివరి ప్రశ్నకు ముందు ఎమా బెచర్‌కు 26,600, హోల్జ్‌హావర్‌కు 23,400, మూడో ఆటగాడికి 11,000. బెచర్ 20,201 కాస్తుందని హోల్జ్‌హావర్‌కు తెలుసు, ఆమె అంతే కాసింది కూడా. ఆమె జవాబు సరైతే 46,801. ఆయన ఉన్నదంతా ఒడ్డి గెలిచినా 46,800 దాటడు. అంటే ఆమె తప్పు చెబితేనే ఆయనకు దారి. అప్పుడు మిగిలే ప్రమాదం మూడో ఆటగాడు, అతను ఎంత ఎగిరినా 22,000. హోల్జ్‌హావర్ 1,399 కాసి తప్పు చెప్పినా 22,001 మిగులుతుంది.

మరో మాటలో, రెండో స్థానంలో ఉండి తక్కువ కాసేవాళ్లు ప్రశ్న కఠినంగా వస్తుందన్న ఆశ మీద పందెం కాస్తున్నారు. ప్రశ్న ఎంత కష్టమైతే వాళ్లకు అంత మేలు. ఆ రోజు ఆయన ఎదుట నిలబడ్డ బెచర్ షికాగో విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్. ప్రశ్నలోని మాటల తీరుని బట్టి అది ఎంత కష్టమైనదో కంప్యూటర్ ముందే చెప్పగలదా అన్న అంశం మీదే ఆమె మాస్టర్స్ పరిశోధన పత్రం రాసింది.

షేక్‌స్పియర్ నాటకంలో 'చిన్న గదిలో పెద్ద లెక్క' అన్న అర్థం వచ్చే వాక్యం ఏ రచయిత అకాల మరణాన్ని సూచిస్తుందంటారు? ఇదీ ఆ రోజు ప్రశ్న. క్రిస్టఫర్ మార్లో అని ముగ్గురూ సరిగ్గానే రాశారు.