అంగ్‌కోర్‌ను ఎవరూ "కనిపెట్టలేదు": ఆగ్నేయాసియా పాత రాతలపై అపోహలు - వాస్తవాలు

ఆగ్నేయాసియా శాసనాల పాఠాలు ముందేసుకుని కూర్చోవడమే నా పని. ఎవరితో మాట్లాడినా ఈ నాలుగు మాటల్లో ఒకటి వినబడుతుంది.

అపోహ: కంబోడియా అడవిలో మరుగునపడ్డ అంగ్‌కోర్ వాట్ గుడిని 1860లో ఫ్రెంచి యాత్రికుడు ఆన్రీ మూవో కనిపెట్టాడు.

వాస్తవం: అక్కడ బౌద్ధ భిక్షువులు ఉంటూనే ఉన్నారు, భక్తులు వస్తూనే ఉన్నారు. 1632లో ఉకొందయూ కజుఫుసా అనే జపాన్ యాత్రికుడు నాలుగు బుద్ధ విగ్రహాలు సమర్పించి, ఆ సంగతి స్తంభం మీద సిరాతో రాసిపెట్టి వెళ్లాడు. బుద్ధుడు నివసించిన జేతవనం ఇదేనని ఆ కాలపు జపాన్‌వాళ్లు కొందరు నమ్మారు, పటం కూడా గీసుకున్నారు. మూవో వల్ల యూరప్‌లో దానికి పేరొచ్చింది, అంతే.

అపోహ: మన రాజులు దండెత్తి వెళ్లి ఆ దేశాలను ఏలారు. (మనవాళ్లకు మహా ఇష్టమైన మాట ఇది.)

వాస్తవం: బోర్నియోలోని కుటైలో క్రీ.శ. 400 ప్రాంతపు యూప శాసనాలు, అంటే యజ్ఞస్తంభాల మీద చెక్కినవి, దొరికాయి. మూలవర్మ అనే రాజు బ్రాహ్మణులకు 20,000 ఆవులు దానమిచ్చాడని సంస్కృతంలో చెబుతాయి. అతని తండ్రి అశ్వవర్మ, తాత కుండుంగ. తాతది స్థానికుల పేరే. పైగా శాసనం వంశకర్త అన్నది తాతను కాదు, అశ్వవర్మను. ఊరి నాయకుడి కుటుంబమే ఒక తరం తిరిగేసరికి సంస్కృత పేర్లు పెట్టుకుని రాజవంశమైందన్నమాట. రాజేంద్ర చోళుడి నౌకలు సుమత్రాలోని శ్రీవిజయ రాజ్యం మీద పడ్డ మాట నిజమే, కానీ అది 1025లో. అప్పటికి ఈ శాసనాలు వేసి ఆరు శతాబ్దాలు గడిచాయి.

అపోహ: శాసనాల నిండా రాజుల పొగడ్తలే.

వాస్తవం: కంబోడియా శాసనాల్లో సంస్కృత శ్లోకాల దగ్గరే ఆగిపోతే అలాగే అనిపిస్తుంది. చాలావాటిలో ఆ శ్లోకాల తర్వాత అక్కడి ఖ్మేర్ భాషలో ఇంకో భాగం ఉంటుంది. అందులో గుడికిచ్చిన పొలాల హద్దులు, పశువులు, కొబ్బరిచెట్లు, సేవకుల పేర్లు. అంగ్‌కోర్ రాజధాని కాకముందటి శాసనాల్లో మగవాళ్ల పేరుకు ముందు "వా", ఆడవాళ్లకు "కు" అని చేర్చి వరుసగా రాశారు. పిల్లల్ని తల్లి పేరు వెంటనే లెక్కగట్టారు. కొందరి పేర్లకు అర్థం "కుక్క", "కంపు". నా మటుకు పది శ్లోకాల కన్నా ఈ పేర్ల పట్టీయే ఎక్కువ చెబుతుంది. అలాగని సంస్కృతాన్ని పక్కన పడేయకూడదు. అంగ్‌కోర్‌లోని తా ప్రోమ్ గుడిలో ఉన్న 1186 నాటి శాసనం సంస్కృతమే, అందులో 102 ఆసుపత్రుల ఖర్చుల లెక్క ఉంది.

అపోహ: చైనా యాత్రికులు కళ్లతో చూసి రాశారు, కాబట్టి నమ్మొచ్చు.

వాస్తవం: చైనా రాయబార బృందంతో వచ్చి 1296-97లో అంగ్‌కోర్‌లో గడిపిన ఝౌ దాగ్వాన్ రాతలో అంగడి కళ్లకు కడుతుంది. బేరసారాలన్నీ ఆడవాళ్లవే. దుకాణాలుండవు, నేల మీద చాప పరిచి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అమ్ముతారు. అదే పుస్తకంలో, రాజు రోజూ రాత్రి బంగారు గోపురంలో తొమ్మిది తలల నాగినితో గడుపుతాడనీ ఉంది. మొదటిది చూసింది, రెండోది విన్నది. ఒకే పుస్తకమైనా ఏ వాక్యానికి ఆ వాక్యాన్ని తూచాలి.

పశ్చిమ సముద్రం నుంచి వచ్చే బట్టనే అక్కడ మేలురకంగా ఎంచేవారని కూడా ఝౌ రాశాడు. దక్షిణ భారత తీరాన్ని చైనావాళ్లు ఆ పేరుతోనే పిలిచేవారు. కాకతి గణపతిదేవుడు 1244లోనే మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు కాబట్టి ఆ బట్ట మనదేనని తేల్చేసేవాళ్లున్నారు. ఝౌ మాత్రం ఏ రేవు పేరూ చెప్పలేదు.