పోలిక తెచ్చిన చేటు

‘పాముల సయ్యాట’ పేరుతో ఏటా ఫోన్లలో వీడియోలు తిరుగుతుంటాయి. పొలం గట్టు మీద రెండు పొడవాటి పాములు జడలా పెనవేసుకుని, తలలు పైకెత్తి ఊగుతుంటాయి. నాగుపాము, జెర్రిపోతు జత కడుతున్నాయని చూసినవాళ్లు చెప్పుకుంటారు. కొన్నిచోట్ల వాటి మీద కొత్త గుడ్డ వేసి, అదృష్టమని దాన్ని ఇంట్లో దాచుకుంటారు కూడా. నిజానికి అక్కడ జరుగుతున్నది కుస్తీ. సాధారణంగా ఆ రెండూ మగ జెర్రిపోతులే. ఆడదాని కోసం బలాబలాలు తేల్చుకుంటున్నాయి. ఎదుటిదాని తలను నేలకు అదిమింది గెలిచినట్టు, ఓడింది దాని దారిన అది పోతుంది. నాగుపాముది వేరే కుటుంబం, జెర్రిపోతుతో దానికి జత కుదరదు.

నాగుతో పెట్టిన ఈ చుట్టరికమే జెర్రిపోతు ప్రాణం మీదికి తెస్తోంది. ఎదిగితే ఆరేడు అడుగులుంటుంది. పైగా పగలు తిరిగే పాము, అందరి కంటా పడుతుంది. దారి దొరికితే ఆగదు. మూలకు తోస్తే మాత్రం మెడ ఉబ్బించి గుర్రుమంటుంది. అది చూసి పడగ విప్పిందని కర్ర ఎత్తుతారు. నాగు పడగ రెండు పక్కలకూ వెడల్పుగా విచ్చుకుంటుంది. జెర్రిపోతు మెడ పక్కల నుంచి నొక్కినట్టు నిలువుగా ఉబ్బుతుంది. కళ్లు పెద్దవి, గుండ్రటివి. పెదవుల మీద నల్లటి నిలువు గీతలుంటాయి. విషం లేదు.

పశువుల కొట్టంలో కనబడితే ఇంకో నింద: ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగేస్తుందట! వెనక్కి వంగిన సూదుల్లాంటి పళ్లున్న నోటితో పొదుగు పట్టుకుంటే ఆవు ఊరుకుంటుందా? పైగా పాము నోరు చప్పరించడానికి పనికొచ్చేది కాదు. తవుడు, దాణా ఉన్నచోట ఎలుకలుంటాయి, వాటి కోసం జెర్రిపోతు వస్తుంది. పిల్లి దూరలేని ఎలుక బొరియలోకి ఇది నేరుగా వెళ్తుంది.

ఇంతకంటే చిక్కైన పోలిక ఇంట్లోనే ఉంది. ఉల్ఫ్ స్నేక్ అని పుస్తకాల్లో రాసే చిన్న పాము రాత్రిళ్లు బల్లుల కోసం గోడలెక్కుతుంది. కిటికీ సందులోనో, బాత్రూం గోడ మీదో కనిపిస్తుంది. దానికి విషం లేదు గానీ, ఒంటి మీద అడ్డ పట్టీలు చూసి చాలామంది కట్లపామనే అనుకుంటారు. దీని ఒళ్లు గోధుమ రంగు. పట్టీలు మెడ దగ్గరే మొదలై తోకవైపు పోయేకొద్దీ చెరిగిపోతాయి. కట్లపాముది నిగనిగలాడే నలుపు. సన్నటి తెల్ల గీతలు చాలావరకు జంటలుగా ఉంటాయి. అవి మెడ దాటాక మొదలై, తోకవైపు స్పష్టమవుతాయి.

ఇంత వివరంగా రాశాను గానీ, రాత్రిపూట టార్చి వెలుగులో ఈ లెక్కలు వేయకండి. కొన్ని కట్లపాములకు గీతలు సరిగా కనబడవు. విషం లేనిదాన్ని చూసి భయపడితే పోయేదేమీ లేదు, కట్లపామును చూసి ఉల్ఫ్ స్నేక్ అనుకుంటే మాత్రం ప్రాణమే పోతుంది. కట్లపాము నేల మీద నిద్రపోతున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాలిపోయే కనురెప్పలు చూశాక గానీ అనుమానం రాదు. దోమతెర వేసుకుని, అంచులు పరుపు కిందికి దోపుకుంటే చాలా ప్రమాదం తప్పుతుంది. పాముకాటుకు మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది చనిపోతున్నారని 2000–2019 మధ్య మరణాల మీద జరిగిన అధ్యయనం లెక్కగట్టింది.

ఏది విషపుదో తెలియకపోవడం పాత సమస్యే. 18వ శతాబ్దం చివర్లో ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండగా దీని వెంట పడ్డాడు. పాములు తెప్పించుకుని, కోళ్లనూ కుక్కలనూ కరిపించి చూశాడు (ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోరు). 1796లో బొమ్మలతో అచ్చయిన ఆయన పుస్తకంలో జెర్రిపోతు తెలుగు పేరుతోనే ఉంది. ఇంగ్లిష్‌లో రక్తపింజరకు ఆయన పేరే పెట్టారు.

వానపామని మనం పట్టించుకోని గుడ్డి పాము కూడా ఆ విశాఖ పాముల్లో ఉంది. జానెడు లోపు పొడవు, చుక్కల్లాంటి కళ్లు. చీమల గుడ్లు, చెదలు తింటుంది. ఇప్పటిదాకా దొరికినవన్నీ ఆడవే. మగదాని అవసరం లేకుండానే గుడ్లు పెడుతుంది. అందుకే పూలకుండీ మట్టిలో ఒక్కటి వెళ్లినా చాలు, కొత్త దేశంలో సంతానం మొదలైపోతుంది. అలా అమెరికా దాకా పాకింది.

నీరుకట్టెకు మాత్రం కొంచెం దూరంగా ఉండాలి. చెరువులు, వరి మళ్లలో ఉండే ఈ పాముకు విషం లేకపోయినా కోపం ఎక్కువ. మెడ చదును చేసి లేస్తుంది, పట్టుకుంటే రక్తం వచ్చేలా కరుస్తుంది. గాయాన్ని సబ్బుతో కడగాలి. కరిచింది నీరుకట్టేనని తేలేదాకా మాత్రం ఏ కాటునైనా విషపు కాటుగానే చూడాలి. గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నాటు మందంటూ టైం పోగొట్టొద్దు. కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పెరట్లో పాము తరచూ కనిపిస్తుంటే ముందు చూడాల్సింది ఎలుకల సంగతి. గింజలు మూతలున్న డబ్బాల్లో పోయాలి. కోళ్ల గూటి కింద రాలిన నూకలు ఊడ్చేయాలి. కట్టెల మోపు, పాత ఇటుకల గుట్ట గోడకు ఆనించకుండా దూరంగా పెట్టాలి. ఎలుకలు ఉన్నంతకాలం ఒక జెర్రిపోతును చంపితే ఆ చోటికి ఇంకోటి వస్తుంది, వచ్చేది నాగుపామూ కావచ్చు.

కూరగాయల మడికి కట్టే నైలాన్ వలతో ఇంకో గొడవ. జెర్రిపోతు తల దూర్చి, పొలుసులకు దారాలు తట్టుకుని వెనక్కి రాలేక, ఎండకు అక్కడే చచ్చిపోతుంది. వల నేలకు జానెడు పైనుంచి కడితే కింద నుంచి వెళ్లిపోతుంది. చిక్కుకున్నట్టు కనిపిస్తే లాగొద్దు, దారాలు ఒళ్లు కోసేస్తాయి. పాములు పట్టడం తెలిసినవాళ్లనో, అటవీశాఖ వాళ్లనో పిలవండి, వాళ్లు కత్తెరతో ఒక్కో దారం కత్తిరించి వదిలిపెడతారు.