కుర్రాడు బాగానే ఆడుతున్నాడు సరే, ఎవర్ని కూర్చోబెడతారు?

ఇండియా హాకీ టీమ్ లిస్టు బయటికొచ్చిన రోజు రాయగడలో గానీ పర్లాకిమిడిలో గానీ ఏ టీ బడ్డీ దగ్గర నిలబడినా ఒకటే గొడవ, జూనియర్ వరల్డ్‌కప్‌లో అంత బాగా ఆడిన కుర్రాడిని సీనియర్స్‌లోకి ఎందుకు తీసుకోలేదు, తీసుకున్నా పది నిముషాలు ఆడించి మళ్ళీ బెంచీ మీదకి ఎందుకు పంపేశారు అని. మాది తెలుగే గానీ ఉండేది ఒడిశాలో, 2018 నుంచి టీమ్ జెర్సీ మీద ఒడిశా పేరే ఉంది, ఆ స్పాన్సర్‌షిప్‌ని 2036 దాకా పొడిగించారు కూడా, అందుకని మనం కట్టే పన్నుల్లోంచే కదా అన్న హక్కుతో మాట్లాడతారు మావోళ్ళు. నిజానికి హాకీకి పుట్టిల్లు లాంటి సుందర్‌గఢ్ మాకు రాష్ట్రానికి ఆ కొసన ఉంది, గుణుపురంలో రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అక్కడి రూర్కెలా ఎప్పటికో గానీ రాదు, మా పక్క పిల్లలకి క్రికెట్టే ముందు. అయినా ఈ విషయంలో మాత్రం ఎవరూ తగ్గరు.

అసలు ఈ పేచీ ఎక్కడ మొదలైందో చూడాలంటే పాత హాకీ దగ్గరికి వెళ్ళాలి. అప్పట్లో లెక్క సులువు. ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు, వాళ్ళ వెనక ముగ్గురు హాఫ్‌లు, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, గోల్ కాసే గోలీ. రైట్ అవుట్, రైట్ ఇన్, సెంటర్ ఫార్వర్డ్, లెఫ్ట్ ఇన్, లెఫ్ట్ అవుట్ అని ఒక్కో చోటుకి ఒక్కడే ఓనర్, మ్యాచ్ 70 నిముషాలూ ఆ చోటు వాడిదే. సబ్‌స్టిట్యూట్‌లని అనుమతించాక కూడా ఇద్దరికి మించి మార్చడానికి లేదు, బయటికెళ్ళినోడు మళ్ళీ లోపలికి రాకూడదు. అంటే కొత్తోడు రావాలంటే పాతోడు పోవాల్సిందే, మధ్యస్తం అంటూ ఏమీ లేదు. గెలుస్తున్న టీమ్‌లో పాతోడిని ఎవడు తీస్తాడు చెప్పండి.

తర్వాత ఆటే మారిపోయింది. 1975లో కౌలాలంపూర్‌లో వరల్డ్‌కప్ గెలిచిన మనోళ్ళు, మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఏడో స్థానంలో ఉన్నారు, ఒలింపిక్స్‌లో హాకీని కృత్రిమ టర్ఫ్ మీద ఆడించడం అదే మొదలు. టర్ఫ్ మీద బంతి ఆగదు, మనిషీ ఆగకూడదు. 1990లలో రోలింగ్ సబ్‌స్టిట్యూషన్ వచ్చింది, ఎవరినైనా ఎన్నిసార్లయినా లోపలికి బయటికి తిప్పుకోవచ్చు. 1998కల్లా ఆఫ్‌సైడ్ రూల్ (డిఫెండర్లని దాటి ముందే గోల్ దగ్గర కాచుకోకూడదన్న రూల్) ఎత్తేశారు, దాంతో గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగిపోయింది, ఫార్వర్డ్‌లు పరిగెత్తాల్సిన దూరం పెరిగిపోయింది. 2014లో ఇంటర్నేషనల్ మ్యాచ్‌లని 15 నిముషాల చొప్పున నాలుగు క్వార్టర్లు చేశారు. ఇవన్నీ కలిసి ఏం చేశాయంటే, కుర్రాడికి ఏ పొజిషన్ ఇవ్వాలి అన్న ప్రశ్న పోయి వాడికి ఎన్ని నిముషాలు ఇవ్వాలి అన్న ప్రశ్న వచ్చింది. మా టీ బడ్డీ వాదనలు మాత్రం ఇంకా రైట్ ఇన్, లెఫ్ట్ ఇన్ రోజుల్లోనే ఉన్నాయి, గొడవ సగం అందుకే.

మధ్యలో మన ఫెడరేషన్ వాళ్ళు చేసిన పనులు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే జనానికి నమ్మకం పోయింది అక్కడే. 1998లో బ్యాంకాక్ ఆసియన్ గేమ్స్‌లో 32 ఏళ్ళ తర్వాత గోల్డ్ వచ్చింది, వచ్చిన వెంటనే కోచ్ ఎం.కె.కౌశిక్‌నీ, ధన్‌రాజ్ పిళ్ళైతో సహా కొందరు సీనియర్లనీ పక్కన పెట్టేశారు. 2001లో హోబార్ట్‌లో జూనియర్ వరల్డ్‌కప్ ఫైనల్లో అర్జెంటీనాని 6-1తో కొట్టారు మన కుర్రాళ్ళు, గగన్ అజిత్ సింగ్, దీపక్ ఠాకూర్, జుగ్‌రాజ్ సింగ్ లాంటివాళ్ళు సీనియర్ టీమ్‌లోకి కూడా వచ్చారు, 2003లో జుగ్‌రాజ్‌కి కారు యాక్సిడెంట్ అయినా ఆసియా కప్ వచ్చింది, ఇక తిరుగులేదు అనుకుంటుంటే ఏథెన్స్ ఒలింపిక్స్‌కి కొద్ది రోజుల ముందు కోచ్ మార్పు, చివరికి ఏడో స్థానం. 2008లో అసలు క్వాలిఫై అవ్వలేదు. 2012లో ఆడిన పన్నెండు టీముల్లో పన్నెండోది మనది. కుర్రాళ్ళని తేవడం మనకి చేతకాక కాదు. తెచ్చినప్పుడు చుట్టూ సీనియర్లు ఉండరు, సీనియర్లు ఉన్నప్పుడు వీళ్ళకి చోటుండదు, అదీ మన అలవాటు.

ఒడిశా సంగతే తీసుకుంటే దిలీప్ తిర్కీ 1995లో టీమ్‌లోకి వచ్చి 412 మ్యాచ్‌లు ఆడాడు, మూడు ఒలింపిక్స్. 2022లో మన ఫెడరేషన్ హాకీ ఇండియాకి ప్రెసిడెంట్ కూడా అయ్యాడు. మాకందరికీ గర్వమే, కాదనేవాడు ఎవడూ లేడు. కానీ ఆయన డిఫెన్స్‌లో పాతుకుపోయిన ఆ పదిహేనేళ్ళలో సుందర్‌గఢ్ నుంచే ఎంతమంది డిఫెండర్లు ఆ చోటు కోసం చూసి చూసి ఏ స్టీల్ ప్లాంట్ ఉద్యోగంలోనో రైల్వేలోనో సెటిలైపోయి ఉంటారో ఎవరూ లెక్కెయ్యరు. అక్కడ పల్లెల్లో ఖసీ టోర్నమెంట్లని ఉంటాయి, గెలిచిన టీమ్‌కి మేకపోతు, ఓడినోళ్ళకి కోడి. ఆ మట్టి గ్రౌండ్లలో కుర్రాడు మ్యాచంతా తనే ఆడతాడు, బెంచీ ఏంటో తెలీదు. అలాంటోడు పెద్ద టీమ్‌లోకి వెళ్ళి నాలుగు నిముషాలకి బయటికి రావాలంటే వాడికే అవమానంగా ఉంటుంది, చూసేవాళ్ళకి చెప్పాలా.

మా మేనల్లుడు ఒకడు స్పోర్ట్స్ హాస్టల్లో ఉంటాడు, ఫార్వర్డ్. వేసవి సెలవులకి వచ్చినప్పుడు పెరట్లో గచ్చు మీద సుద్దతో గీత గీసి, ఎదురుగోడకి కింద జానెడు ఎత్తులో ఎర్ర టేప్ అంటించి, ఆ టేప్ కిందే తగిలేలా బంతిని తోస్తూ కూర్చున్నాడు పొద్దున్నంతా. గోల్ కొట్టడం ప్రాక్టీస్ చెయ్యకుండా ఇదేట్రా అంటే, "మావయ్యా, మా టీమ్‌లో గోల్ కొట్టేవాళ్ళు ఆరుగురున్నారు, పెనాల్టీ కార్నర్‌కి బ్యాక్‌లైన్ నుంచి పుష్ సరిగ్గా ఇచ్చేవాళ్ళు ఒకడే ఉన్నాడు" అన్నాడు. పెనాల్టీ కార్నర్ అంటే గోల్ దగ్గర తప్పు చేస్తే అవతలి టీమ్‌కి ఇచ్చే ఛాన్సు, బ్యాక్‌లైన్ నుంచి ఒకడు బంతి తోస్తే మిగతావాళ్ళు ఆపి గోల్‌కి కొడతారు. మరి మ్యాచ్‌లో ఎంతసేపు ఆడతావు అంటే క్వార్టర్‌కి రెండు దఫాలు, నాలుగేసి నిముషాలు అంట, బంతి పోగొడితే మనమే ముందు వెంటపడాలి, పడకపోతే వెంటనే బోర్డు మీద మన నంబర్ లేస్తుంది అన్నాడు. పదిహేనేళ్ళోడికి అర్థమైన లెక్క మా టీ బడ్డీ సెలెక్టర్లకి అర్థం కాలేదు.

ఎందుకంటే పోటీలో ఉన్న టీమ్‌లోకి కుర్రాడు దూరేది ఇలాంటి చిన్న పనుల్లోంచే. పెనాల్టీ కార్నర్ డిఫెన్స్‌లో గోలీతో కలిపి ఐదుగురే ఉంటారు, అందులో ఫస్ట్ రషర్ అంటే డ్రాగ్‌ఫ్లిక్ (బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్‌లోకి విసిరే షాట్) కొట్టేవాడి మీదకి ఎదురు పరిగెత్తేవాడు, బంతి మోకాలికి తగిలినా తగలొచ్చు, ఆ పనికి క్యూ ఉండదు. ఇంకో మెలిక ఉంది, పెనాల్టీ కార్నర్ ఇచ్చాక అది అయ్యేదాకా సబ్‌స్టిట్యూషన్ చెయ్యకూడదు. అంటే డ్రాగ్‌ఫ్లికర్ విజిల్ మోగినప్పటికే గ్రౌండ్‌లో ఉండి తీరాలి. హర్మన్‌ప్రీత్ సింగ్ పారిస్ ఒలింపిక్స్‌లో ఒక్కడే పది గోల్స్ కొట్టాడు, అలాంటోడిని ఏ కోచ్ అయినా వీలైనంతసేపు లోపలే ఉంచుతాడు. కొత్త ఫ్లికర్ ఎంత గట్టిగా కొట్టినా వాడికి మిగిలేది హర్మన్ నీళ్ళు తాగే నిముషాలు, అదీ వాడికి డిఫెన్స్ కూడా వస్తేనే. డ్రాగ్‌ఫ్లిక్ ఒక్కటే వచ్చినోడికి ఈ రోజుల్లో టీమ్‌లో చోటు లేదు, నేనైతే అది సబబే అంటాను.

ఇక పెద్ద చిక్కు ఒలింపిక్స్ లిస్టు. మామూలు ఇంటర్నేషనల్ మ్యాచ్‌కి 18 మంది, ఒలింపిక్స్‌కి 16 మందే. ఆ రెండు చోట్ల కోసమే కొట్లాట అంతా. సిమ్రన్‌జీత్ సింగ్ కథ గుర్తుందా? 2016 లక్నో జూనియర్ వరల్డ్‌కప్ ఫైనల్లో బెల్జియం మీద 2-1తో గెలిస్తే ఒక గోల్ గుర్జంత్ సింగ్‌ది, ఒకటి సిమ్రన్‌జీత్‌ది. ఐదేళ్ళ తర్వాత టోక్యోకి మొదట ప్రకటించిన 16 మందిలో సిమ్రన్‌జీత్ లేడు, రిజర్వ్‌గా వెళ్ళాడు. కోవిడ్ వల్ల ఆ ఒక్కసారికి రిజర్వ్‌లని కూడా వాడుకోవచ్చు, మ్యాచ్ మ్యాచ్‌కీ 16 మందిని ఎంచుకోవచ్చు అన్నారు. ఆ సందులోంచి లోపలికొచ్చి స్పెయిన్ మీద ఒక గోల్, జర్మనీతో కాంస్యం మ్యాచ్‌లో 1-3 వెనకబడి 5-4తో గెలిచాం కదా, అందులో రెండు గోల్స్ వాడివే. 41 ఏళ్ళ తర్వాత వచ్చిన మెడల్. రూల్ మారకపోయి ఉంటే వాడు బయట కూర్చుని చూసేవాడు. ఇక్కడ మావోళ్ళు "చూశావా, కుర్రాళ్ళని ఆడిస్తే ఇలా ఉంటాది" అంటారు గానీ, వాడు అప్పటికే 2018 వరల్డ్‌కప్ ఆడినోడు, నిన్నగాక మొన్నొచ్చినోడు కాడు.

పారిస్‌కి ఆ వెసులుబాటు లేదు. ఒక్క గోలీ శ్రీజేష్, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు, అయిపోయింది. అందులో ఐదుగురికి అదే మొదటి ఒలింపిక్స్ అని అప్పుడు గొప్పగా రాశారు, కానీ వయసులు చూస్తే వాళ్ళందరూ పిల్లలేం కాదు. హర్మన్‌ప్రీత్, సుమిత్, మన్‌దీప్, గుర్జంత్ 2016 జూనియర్ బ్యాచ్, ఎనిమిదేళ్ళయినా అక్కడే ఉన్నారు. మరి 2021లో మన భువనేశ్వర్‌లోనే జరిగిన జూనియర్ వరల్డ్‌కప్‌లో నాలుగో స్థానంలో వచ్చిన బ్యాచ్ నుంచి పారిస్ దాకా వెళ్ళింది వివేక్ సాగర్ ప్రసాద్, సంజయ్ ఇద్దరే, వివేక్ అయితే ఆ జూనియర్ టోర్నీకే టోక్యో మెడల్‌తో వచ్చాడు, సీనియర్ టీమ్‌కి 17 ఏళ్ళకే ఆడేశాడు. పదహారు మందితో ఎంత ఇరుకో బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో తెలిసింది. మన సుందర్‌గఢ్ అమిత్ రోహిదాస్‌కి రెండో క్వార్టర్ మొదట్లోనే రెడ్ కార్డు, పది మందితో మిగతా మ్యాచంతా లాగి షూటౌట్‌లో గెలిచారు, తర్వాత సెమీస్‌కి కూడా బ్యాన్, జర్మనీ మీద 15 మందితోనే దిగి 2-3తో ఓడారు. మన ఫస్ట్ రషర్ అమిత్ లేని రోజు అది. అలాంటి రోజుని లెక్కలో పెట్టుకునే కోచ్, రెండు మూడు పనులు చేసేవాడినే తీసుకుంటాడు, ఒకే పని అద్భుతంగా చేసే 19 ఏళ్ళోడిని తీసుకోడు.

మరి కుర్రాడు నేర్చుకునేది ఎక్కడ అంటే దేశాల టీమ్‌లు ఆడే ప్రో లీగ్ అంటారు. 2020 నుంచి మనం ఆడుతున్నాం, కొత్తోళ్ళు మొదటిసారి దిగేది ఎక్కువగా అక్కడే. అక్కడా పాయింట్ల గోల ఉంది, 2024-25లో మన అమ్మాయిల టీమ్ ఆఖరి స్థానంలో నిలిచి లీగ్ నుంచే కిందికి దిగిపోయింది, ఆ భయంతో ఏ కోచ్ ప్రయోగాలు చేస్తాడు.

ఇంకోటి హాకీ ఇండియా లీగ్. ఏళ్ళ తరబడి ఆగిపోయి 2024 డిసెంబర్‌లో మళ్ళీ మొదలైనప్పుడు ఒక్కో టీమ్ 24 మందిలో నలుగురు జూనియర్లు ఉండి తీరాలని రూల్ పెట్టారు, మంచి పని. మా ఇళ్ళల్లో అప్పుడు రెండు పార్టీలు, ఒడిశాలో ఉన్నాం కాబట్టి కళింగ లాన్సర్స్ అని కొందరు, తెలుగోళ్ళం కాబట్టి హైదరాబాద్ తుఫాన్స్ అని కొందరు, తుఫాన్స్ ఫైనల్ దాకా వెళ్ళి రూర్కెలాలోనే బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో ఓడింది, ఆ రాత్రి మా బాబాయి అన్నం తినలేదు. సరే, ఆ లీగ్‌లో కూడా కప్పు కొట్టాలనుకునే టీమ్ బిగుతుగా ఉన్న మ్యాచ్ ఆఖరి క్వార్టర్లో విదేశీ ఆటగాడిని ఆపి జూనియర్‌ని దించుతుందా? లిస్టులో పేరుండడానికి రూల్ పెట్టగలరు, నిముషాలకి పెట్టలేరు కదా.

ఈ నిముషాల లెక్క పనిచెయ్యని చోటు ఒక్కటే, గోలీ. ఫార్వర్డ్‌ని తిప్పినట్టు గోలీని తిప్పరు. 2023 వరల్డ్‌కప్‌లో శ్రీజేష్‌ని, క్రిషన్ పాఠక్‌ని చెరో రెండు క్వార్టర్లు ఆడించి చూశారు, పారిస్‌కి వచ్చేసరికి మళ్ళీ ఒక్కడే. పాఠక్ కూడా 2016 లక్నో జూనియర్ బ్యాచ్‌లోనోడే, టోక్యోకి రిజర్వ్, పారిస్‌కి రిజర్వ్, రెండు కాంస్యాలు వచ్చినా వాడి మెడలో ఒక్కటీ పడలేదు. 2024లో శ్రీజేష్ రిటైరయ్యాక గానీ వాడి వంతు రాలేదు, 2025లో రాజ్‌గిర్‌లో కొరియాని 4-1తో కొట్టి ఆసియా కప్‌తో పాటు 2026 వరల్డ్‌కప్ బెర్త్ తెచ్చుకున్న టీమ్‌కి గోల్ కాసింది పాఠకే. వాడి వెనక జూనియర్స్ నుంచి వచ్చిన గోలీలు ఇప్పుడు ఆ క్యూలో నిలబడ్డారు, లాస్ ఏంజెలెస్‌కి లిస్టు వేసేటప్పుడు కూడా వాళ్ళలో ఒక్కరికి చోటు దొరికితే ఎక్కువ.