సైకిల్‌కు రోడ్డు పన్ను వేస్తే ఎంత వేయాలి?

“లైఫ్ ట్యాక్స్ మేం కడుతున్నం, ఇన్సూరెన్స్ మేం కడుతున్నం. మరి ఈ సైకిళ్లోళ్లు ఏం కడుతున్నరు?” కాజీపేట–హన్మకొండ రోడ్డు మీద బండ్లు ఇరుక్కుపోయినప్పుడు ఇలాంటి మాట వినిపిస్తుంటుంది. అడగదగిన ప్రశ్నే. రాజ్యాంగం కూడా ఇందుకు అడ్డు చెప్పదు. యంత్రంతో నడిచినా నడవకపోయినా, రోడ్డెక్కే వాహనాల మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్ర జాబితాలోని 57వ అంశం రాష్ట్రాలకు ఇచ్చింది. ఒకప్పుడు మన దేశంలో చాలా పట్టణాల్లో మునిసిపాలిటీకి పైసలు కట్టి సైకిల్‌కు బిళ్ల వేయించుకునేవారు. కాబట్టి తేలవలసింది ఎంత వేయాలన్నదే. దానికి ముందు రోడ్డును ఎవరు ఎంత పాడుచేస్తున్నారో తెలియాలి.

అది తెలుసుకోవడానికి అమెరికాలో రోడ్లు వేసి మరీ పాడుచేశారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒట్టావా అనే ఊరి దగ్గర రకరకాల మందాలతో తారు రోడ్లు, కాంక్రీటు రోడ్లు వేసి, 1958 నుంచి 1960 దాకా సైనికుల చేత వాటి మీద లారీలు తిప్పించారు. రెండేళ్లలో 11 లక్షలకు పైగా ఇరుసులు ఆ రోడ్ల మీదుగా పోయాయి. కొలతలన్నీ చూశాక తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లవుతుంది. అంటే బరువుకు నాలుగో ఘాతం, బరువు ఎన్ని రెట్లైతే ఆ అంకెను నాలుగుసార్లు వేసి గుణించినంత. చక్రం కింద తారు పొర కంటికి కనబడనంత వంగుతుంది, దాని అడుగుభాగం సాగుతుంది. సాగడం కొంచెం పెరిగినా పగుళ్లు రావడానికి పట్టే సమయం బాగా తగ్గిపోతుంది. ఇక మన దగ్గర ఆ పగుళ్లలోంచి దిగిన నీళ్లకు కింద రేగడి నేల ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. గుంత అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మనిషి, సామానుతో కలిపి సైకిల్ 100 కిలోలనుకుంటే ఒక్కో ఇరుసు మీద 50 కిలోలు. 1,200 కిలోల కారులో ఒక్కో ఇరుసుకు 600 కిలోలు, అంటే 12 రెట్లు. 12కు నాలుగో ఘాతం 20,736. కారు యజమాని జీవితకాలానికి లక్ష రూపాయల పన్ను కట్టాడనుకుందాం. అదే పాళ్లలో సైకిల్ యజమాని కట్టవలసింది జీవితకాలానికి ఐదు రూపాయలు. రసీదు పుస్తకానికి, దాన్ని రాసే గుమస్తా జీతానికి కూడా అది చాలదు. కరీంనగర్ నుంచి గ్రానైట్ రాళ్లు మోసుకుపోయే లారీ ఇరుసు మీద 10 టన్నులుంటే, అది సైకిల్‌కు 200 రెట్లు. నష్టం 160 కోట్ల రెట్లు. ఈ ఘాతం అన్ని రోడ్లకూ కచ్చితంగా నాలుగే కాదు. రోడ్డు రకాన్ని బట్టి, అది చెడే తీరును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. కొంత తగ్గించి చూసినా సైకిల్ వాటా కారు వాటా ముందు చాలా చిన్నదే.

2018లో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. చూడటానికి ఎనిమిదో వంతు పెరుగుదలే. నాలుగో ఘాతంలో నష్టం 60 శాతానికి పైగా పెరుగుతుంది. భూపాలపల్లి బొగ్గు, గోదావరి ఇసుక మోసే లారీలు తిరిగే రోడ్లు ఎందుకు నిలవవో ఆ ఒక్క అంకె చెబుతుంది. లారీ పన్ను కూడా బరువును బట్టే ఉంటుంది కానీ నాలుగో ఘాతంలో పెరగదు. పెరగాలని నేననను, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చేది ఆ లారీల మీదనే. ఆ తేడాను సైకిల్ మీద వెళ్లే హమాలీ దగ్గర వసూలు చేద్దామంటే మాత్రం ఒప్పుకోను.

ఒట్టావా ప్రయోగంలో ఒక చుట్టు రోడ్డు మీద బండ్లే తిప్పకుండా వదిలేశారు. ఎండ, వాన, చలి మాత్రమే రోడ్డును ఎంత చెడగొడతాయో చూడటానికి. ఆ నష్టం ఏ బండి ఖాతాలోనూ రాయలేం, అందరం భరించాలి. సైకిల్ తొక్కేవాడు తన వంతు భరిస్తూనే ఉన్నాడు. నగరంలో కాలనీ రోడ్లకు కార్పొరేషన్ పెట్టే డబ్బులో ఇంటిపన్ను కూడా ఉంది. కిరాయి ఇంట్లో ఉన్నవాడి కిరాయిలోనూ అది కలిసే ఉంటుంది. సైకిల్ కొన్నప్పుడు జీఎస్టీ కడతాడు. పైగా 2024 నవంబరు నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను మినహాయించారు. బ్యాటరీల వల్ల అవి అదే సైజు పెట్రోలు కార్ల కంటే బరువుంటాయి. పొగ లేదని వాటిని వదిలినప్పుడు, పొగా బరువూ రెండూ లేని సైకిల్‌ను ఏమని అడుగుతాం?

బీమా సంగతి వేరు. పన్ను రోడ్డుకు చేసే నష్టానికైతే, థర్డ్ పార్టీ బీమా ఎదుటి మనిషికి చేసే నష్టానికి. దీనికి కొలత గతిశక్తి, అంటే కదులుతున్నందువల్ల బండికి ఉండే శక్తి. అది బరువుతో పాటు పెరుగుతుంది, వేగానికైతే వర్గంలో పెరుగుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే 100 కిలోల సైకిల్‌తో పోలిస్తే, 50 మీద వెళ్లే 200 కిలోల మోటార్ సైకిల్‌కు 22 రెట్లు, 60 మీద వెళ్లే కారుకు 192 రెట్ల గతిశక్తి ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం బీమాను తప్పనిసరి చేసింది మోటారు బండ్లకే. 250 వాట్లకు, 25 కిలోమీటర్ల వేగానికి లోబడిన తేలికపాటి ఎలక్ట్రిక్ సైకిళ్లను నిబంధనలు అందులోంచి తప్పించాయి. ఆ గీత సరైన చోటే ఉందని నా అభిప్రాయం.

సైకిల్ గుద్దితే ఏమీ కాదని మాత్రం అనకూడదు. జపాన్‌లోని కోబెలో 2008లో 11 ఏళ్ల అబ్బాయి సైకిల్‌తో ఒక మహిళను ఢీకొట్టాడు. ఆమె కోలుకోలేదు. 2013లో కోర్టు ఆ అబ్బాయి తల్లిని సుమారు 9.5 కోట్ల యెన్లు కట్టమంది. ఆ తర్వాత, 2015లో కోబె ఉన్న హ్యోగో ప్రాంత ప్రభుత్వం సైకిల్ బీమాను తప్పనిసరి చేసింది. మరెన్నో ప్రాంతాలు అదే దారి పట్టాయి. స్విట్జర్లాండ్ ఇందుకు ఎదురు దిశలో వెళ్లింది. ఎన్నో ఏళ్లు అమల్లో ఉన్న సైకిల్ బీమా స్టిక్కర్‌ను 2012లో ఎత్తేసింది. అక్కడ ఎక్కువమందికి ఇంటి బీమాతో పాటే ఇలాంటి నష్టాలకు రక్షణ ఉంది, వేరే స్టిక్కర్ ఖర్చు దండగైంది. మన దగ్గర మోటారు బండ్లలోనే దాదాపు సగానికి బీమా లేదు. ముందు పట్టుకోవలసింది వాటిని. ఎందుకంటే వాటి కింద పడేది సైకిల్ మనిషే; దేశంలో ఏటా నాలుగు వేల మందికి పైగా సైకిల్ మీద వెళ్తూ రోడ్డు ప్రమాదాల్లో చనిపోతున్నారు.

అందుకే సైకిల్ తొక్కేవాళ్లకు కావలసిన బీమా తమ ప్రాణానికి. బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా వస్తుంది. గుద్దిన బండి దొరక్కపోతే, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద మృతుల కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి 50 వేలు ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ కాపీ జాగ్రత్తగా పెట్టుకుని రెవెన్యూ అధికారికి దరఖాస్తు చేయాలి. అయితే ఆ 20 రూపాయల బీమా 18 నుంచి 70 ఏళ్లవారికే. పొద్దున పరకాల, నర్సంపేట వైపు ఊళ్ల నుంచి హైస్కూలుకు సైకిళ్ల మీద వెళ్లే పిల్లలు దాని పరిధిలోకి రారు. వాళ్లకు ప్రభుత్వం తన ఖర్చుతో స్కూలు పేరు మీదనే బీమా చేయించాలి.