బిల్లీ ఫ్యూరీ గుండెలో ట్రిపుల్ యాక్షన్

"గొంతునొప్పి నాలుగు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది కదా, పిల్లలకి పెన్సిలిన్ కోర్సు ఎందుకు?" అని ఒక పాఠకురాలు అడిగారు. నాకు వెంటనే బిల్లీ ఫ్యూరీ గుర్తొచ్చాడు.

బీటిల్స్ కంటే ముందే బ్రిటన్ కుర్రకారుని ఊపేసిన రాక్ అండ్ రోల్ గాయకుడు. 1940లో లివర్‌పూల్‌లో పుట్టాడు, అసలు పేరు రొనాల్డ్ విచర్లీ. టగ్ బోటు మీద పనిచేసేవాడు. 1958లో తను రాసుకున్న పాటలు వినిపిద్దామని బర్కెన్‌హెడ్‌లో ఒక షోకి వెళితే, లారీ పార్న్స్ అనే మేనేజరు అప్పటికప్పుడే స్టేజీ ఎక్కించేశాడు. తర్వాత పేరూ మార్చేశాడు. ఆ తర్వాత హిట్లే హిట్లు, కానీ ఒక్క పాట కూడా నంబర్ వన్ కాలేదు. ఇదంతా ఎక్కడైనా దొరికే సమాచారమే. నాకు ఆసక్తి అతని గుండె మీద. చిన్నతనంలో రుమాటిక్ ఫీవర్ (గొంతునొప్పి తర్వాత కీళ్ళనీ గుండెనీ పట్టే జ్వరం) వచ్చి వాల్వులు పాడయ్యాయి. 1972లో ఒకసారి, 1976లో ఇంకోసారి ఆపరేషన్. కోలుకుని మళ్ళీ రికార్డింగులు మొదలుపెట్టాడు. 1983 జనవరి 28న, 42 ఏళ్ళకే పోయాడు.

గొంతులో పడ్డ స్ట్రెప్టోకోకస్ పయోజెనెస్ అనే బ్యాక్టీరియా గుండె దాకా వెళ్ళక్కర్లేదు. అసలు వెళ్ళదు కూడా. అది గొంతులోంచి మాయమైన రెండు మూడు వారాలకి ఈ రుమాటిక్ ఫీవర్ మొదలవుతుంది. నేరం చేసినవాడు ఊళ్ళో లేడు, మరి కొట్టేదెవరు? మన పోలీసులే, అంటే మన ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే.

మన సినిమాల్లో డబుల్ యాక్షన్ ఉంటుందే, అచ్చం అదే. ఈ బ్యాక్టీరియా ఒంటినిండా ఎం ప్రొటీన్ ఉంటుంది: మెలితిరిగిన రెండు పొడవాటి గొలుసులు, ఏడేసి అమైనో ఆమ్లాలకి ఒకసారి అదే తీరు మళ్ళీ వస్తుంది. గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రొటీన్ తోకదీ ఇదే నిర్మాణం. యాంటీబాడీలకి విలన్ ఫోటో ఇచ్చి పంపితే హీరోని పట్టుకుంటాయి.

ఇక్కడ కథలో ఒక చిక్కుంది. వాల్వులో కండరం ఉండదు, అంటే మయోసిన్ దాదాపు లేనట్టే. మరి ఎక్కువగా పాడయ్యేది వాల్వే ఎందుకు? ఇది ట్రిపుల్ యాక్షన్ కాబట్టి! వాల్వు పైపొర కింద లామినిన్ అనే ఇంకో ప్రొటీన్ ఉంది, దానికీ అవే పోలికలు. యాంటీబాడీలు పైపొరని తాకగానే దాని కణాలు విక్యామ్-1 అనే అణువుని బయటపెడతాయి. దాన్ని పట్టుకుని టి-కణాలు అనే తెల్ల రక్తకణాలు లోపలికి దూరతాయి. అసలు రక్తనాళాలే లేని చోట కొత్త రక్తనాళాలు పుడతాయి. వాటి వెంట ఇంకా ఎక్కువమంది పోలీసులు దిగుతారు. చివరికి మచ్చ కట్టి, రేకులు మందమై, అంచులు అతుక్కుపోతాయి. ఎక్కువ దెబ్బ గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వుకే. ఎడమ జఠరిక బిగిసినప్పుడు దాదాపు 120 మి.మీ. పీడనాన్ని ఆపేది అదే. కుడివైపు వాల్వుకి అందులో నాలుగో వంతు కూడా ఉండదు. ఇంటర్‌లో ఈ వాల్వుల పేర్లు బట్టీ పట్టిస్తారు, ఇది మాత్రం చెప్పరు.

ఇదే పొరపాటు మెదడులో జరిగితే పిల్లల చేతులూ కాళ్ళూ వాటంతటవే మెలికలు తిరుగుతాయి. దాని పేరు సిడెన్‌హామ్ కొరియా. గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్ళు దాని పక్కనే గుండె కూడా చెడుతోందని ఎలా కనుక్కుంటారు?

అందుకే పెన్సిలిన్. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు ఇచ్చినా రుమాటిక్ ఫీవర్‌ని ఆపొచ్చు. ప్రతి గొంతునొప్పికీ అక్కర్లేదు. చాలావరకు వైరస్‌ల వల్ల వచ్చేవే, ఏదేమిటో డాక్టరే తేల్చాలి. ఒకసారి జబ్బు వచ్చిన పిల్లలకి ఏళ్ళ తరబడి మూడు వారాలకోసారి పెనిడ్యూర్ అనే, ఒంట్లో చాలా రోజులు పనిచేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ పొడిపిస్తారు. నొప్పి తగ్గింది కదా అని చాలామంది మానేస్తారు. మన దేశంలో ఈ జబ్బు ఇంకా పోలేదు.

మరి టీకా? విలన్ ఫోటోనే టీకాగా ఇస్తే పోలీసులు మళ్ళీ హీరో ఇంటికే వెళ్ళరూ! 1960లలో అమెరికాలో ఎం ప్రొటీన్‌తో టీకా వేసి చూస్తే కొందరు పిల్లలకి రుమాటిక్ ఫీవరే వచ్చింది. 1979లో అక్కడి ప్రభుత్వం ఇలాంటి టీకాలని నిషేధించింది, పాతికేళ్ళకి పైగా ఆ నిషేధం నడిచింది. ఎం ప్రొటీన్‌లో 200కి పైగా రకాలున్నాయి. ఇప్పుడు పరిశోధకులు గుండెతో పోలిక లేని చిన్నచిన్న ముక్కలని ఏరి, వాటితో మాత్రమే టీకాలు తయారు చేసి పరీక్షిస్తున్నారు.